ఇరవై నిమిషాల కార్బన్: మెదడులో సెరటోనిన్ రిసెప్టర్లను చూసే పద్ధతి

పరమాణు కణాలని వేగంగా తిప్పి ఢీకొట్టించే సైక్లోట్రాన్ అనే యంత్రం నుంచి వచ్చే సన్నని గొట్టం చివర, సీసపు గోడల పెట్టెలోకి కొంచెం కార్బన్ డయాక్సైడ్ వాయువు వచ్చి పడుతుంది. గడియారం అక్కణ్ణుంచి మొదలు. ఆ వాయువులో ఉన్నది మామూలు కార్బన్ కాదు, కార్బన్-11. దాని అర్ధాయువు 20.4 నిమిషాలు. అంటే ఇరవై నిమిషాలకోసారి ఉన్నదాంట్లో సగం బోరాన్‌గా మారిపోతూ ఉంటుంది. ఈలోగా దాన్ని మందులాంటి ఒక అణువులో అతికించాలి, మిగతా రసాయనాల నుంచి వేరుచేయాలి, క్రిములు లేకుండా వడకట్టాలి, నాణ్యత పరీక్ష చేయాలి, దగ్గర్లోని గదిలో స్కానర్ బల్ల మీద పడుకుని ఎదురుచూస్తున్న మనిషి చేతి నరంలోకి ఎక్కించాలి. ఇదంతా నలభై నిమిషాల్లో ముగిస్తే మొదట వచ్చినదాంట్లో పావు వంతు మిగులుతుంది. గంట పడితే ఎనిమిదో వంతు. మూడు గంటలు గడిస్తే నాలుగు వందల్లో ఒక వంతు కూడా ఉండదు. అందుకే ఈ పని జరిగే చోట్ల సైక్లోట్రాన్, కెమిస్ట్రీ ల్యాబ్, స్కానర్ మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి.

ఇంత హడావుడి దేనికంటే, నాడీకణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం వ్యవస్థ బతికున్న మనిషి మెదడులో ఎలా ఉందో చూడటానికి ఇంతకంటే నేరు దారి లేదు. రక్తపరీక్షతో తేలే సంగతి కాదిది. ఒంట్లోని సెరటోనిన్‌లో తొంభై శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది, రక్తంలో తిరిగేదాన్ని ఎక్కువగా ప్లేట్‌లెట్లు మోస్తుంటాయి. అది మెదడులోకి పోలేదు. మెదడు తనకి కావలసినది తానే తయారుచేసుకుంటుంది, అది కూడా మెదడు కాండం నడిమధ్యన రాఫే కేంద్రకాలు అనే చిన్న గుంపుల్లోని నాడీకణాలతో. మొత్తం మెదడుతో పోలిస్తే ఈ కణాలు గుప్పెడు. కానీ వాటి తీగలు దాదాపు ప్రతి మూలకీ పాకుతాయి.

సెరటోనిన్ వెళ్లి తగులుకునే రిసెప్టర్లు, అంటే గ్రాహకాలు, ఒక్క రకం కాదు. ఏడు కుటుంబాలు, వాటిలో మొత్తం 14 రకాలు. సెరటోనిన్ రసాయన నామం 5-హైడ్రాక్సీట్రిప్టమిన్ కాబట్టి వీటిని 5-హెచ్‌టీ1ఏ, 5-హెచ్‌టీ2ఏ అని పిలుస్తారు. పేర్లు కారు నంబర్లలా ఉన్నా పనులు మాత్రం వేరువేరు. 1ఏ రకం రాఫే కణాల మీద ఉంటే బ్రేకులా పనిచేస్తుంది: సెరటోనిన్ ఎక్కువైతే ఆ కణాన్నే నెమ్మదింపజేస్తుంది. అదే రకం, జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో ఉంటే, వచ్చిన సెరటోనిన్ కబురు అందుకునే చివరి చెయ్యి అవుతుంది. 2ఏ రకం మెదడు పైపొర అయిన కార్టెక్స్ నిండా పరుచుకుని ఉంటుంది. భ్రాంతులు కలిగించే పదార్థాలు ముఖ్యంగా పనిచేసేది దీని మీదే. కాబట్టి ‘సెరటోనిన్ తగ్గింది’, ‘పెరిగింది’ అనే మాటకి విడిగా అర్థం లేదు. ఎక్కడ, ఏ రిసెప్టర్ దగ్గర అన్నది కూడా చెప్పాలి. ట్రేసర్ల, అంటే రేడియోధార్మిక గుర్తు తగిలించిన అణువుల, కథంతా ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే.

ఈ పనికి వాడే పెట్ (పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ) స్కానర్ పని సూత్రం తేలిగ్గా చెప్పుకోవచ్చు. కార్బన్-11, ఫ్లోరిన్-18 లాంటి పరమాణువులు క్షీణించేటప్పుడు ధనావేశమున్న ఎలక్ట్రాన్ లాంటి కణం, పాజిట్రాన్‌ని వదులుతాయి. అది ఒక మిల్లీమీటరు అటూఇటూ తిరిగి ఒక ఎలక్ట్రాన్‌ని ఢీకొంటుంది. రెండూ మాయమై, చెరొక 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో రెండు గామా కిరణాలు దాదాపు పూర్తిగా ఎదురెదురు దిక్కులకి పోతాయి. తల చుట్టూ ఉన్న డిటెక్టర్ల వలయంలో రెండు చోట్ల ఒకేసారి వెలుగు పడితే, ఆ రెండు చోట్లనీ కలిపే గీత మీద ఎక్కడో సంఘటన జరిగిందన్నమాట. అలాంటి కోట్ల గీతలు పోగుపడితే బొమ్మ వస్తుంది. భౌతికశాస్త్రం వరకూ ఇందులో పేచీ లేదు. పేచీ అంతా రసాయనంలోనూ, ఆ తర్వాత లెక్కలోనూ వస్తుంది.

మొదటి పేచీ పరిమాణం గురించి. జార్జ్ డి హెవెసీ ట్రేసర్ అనే ఆలోచనకి ఆద్యుడు. ఆ కృషికే ఆయనకి 1943 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. కొలుస్తున్న వ్యవస్థని కదిలించనంత తక్కువ మోతాదులో గుర్తుపెట్టిన పదార్థాన్ని పంపి, అది ఎటు పోతోందో చూడాలన్నది సూత్రం. రిసెప్టర్ల విషయంలో ఈ నియమం మరీ కఠినం. మెదడులో అవి ఉండేదే అతి కొద్ది సాంద్రతలో. ట్రేసర్ వాటిలో ఐదు శాతాన్ని మించి ఆక్రమించిందంటే అది ట్రేసర్ కాదు, మందైపోయింది.

కాబట్టి ఎక్కించే పదార్థం ఒకటి రెండు మైక్రోగ్రాములే ఉండాలి. అయినా స్కానర్‌కి కనబడేంత రేడియోధార్మికత అందులో ఉండాలి. ఇక్కడ గాలి పగబడుతుంది. గాలిలో మామూలు కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఉంటుంది కదా, గొట్టంలోనో రసాయనంలోనో ఆనవాలుగా చేరినా సరే, తయారయ్యే అణువుల్లో మామూలు కార్బన్ వాటా పెరిగిపోతుంది. మంచి ల్యాబ్‌లో, అంతా సవ్యంగా జరిగిన రోజు కూడా ఒక్కో రేడియోధార్మిక అణువు వెంట వెయ్యికి పైగా మామూలు అణువులు ఉంటాయి. అవి కూడా అవే రిసెప్టర్లకి అతుక్కుంటాయి, కాకపోతే వెలగవు. తయారీలో ఇంకాస్త అజాగ్రత్త జరిగితే ట్రేసర్ తన చోటు తానే ఆక్రమించుకుని, రిసెప్టర్లు తక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది.

మోతాదు ఎంత ముఖ్యమో చెప్పడానికి సింబీ-36 అనే ట్రేసర్ చాలు. కోపెన్‌హాగెన్‌లో రూపొందిన ఈ అణువుని మొదట పందుల మెదడులో పరీక్షించి, తర్వాత మనుషుల్లో వాడారు. ఇది రసాయనపరంగా 25బి-ఎన్‌బోమ్ అనే పదార్థమే. వీధుల్లో దొరికే ఆ మత్తు కొన్ని వందల మైక్రోగ్రాములకే తీవ్రమైన భ్రాంతులు కలిగిస్తుంది, ప్రాణం మీదకి కూడా తెస్తుంది. స్కానర్ బల్ల మీద అదే అణువు ఒక మైక్రోగ్రాము ప్రాంతంలో ఒంట్లోకి వెళ్తుంది, మనిషికి ఏమీ తెలియదు.

ఈ రంగంలో మొదటి అడుగు 1983 మేలో పడింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో హెన్రీ వాగ్నర్ తన తలనే ముందు పెట్టాడు. ఎన్-మిథైల్‌స్పైపెరోన్ అనే అణువుకి కార్బన్-11 తగిలించి ఆయనకే ఎక్కించారు. మనిషి మెదడులో నాడీ రిసెప్టర్లు బొమ్మగా రావడం అదే మొదలు. సాధారణంగా దీన్ని డోపమిన్ అనే ఇంకో నాడీ రసాయనం విషయంలో విజయంగా చెప్పుకుంటారు, ఎందుకంటే మెదడు లోతుల్లోని స్ట్రయాటమ్ ధగధగలాడింది. కానీ ఆ అణువుకి రెండు నోళ్లున్నాయి. స్ట్రయాటమ్‌లో డోపమిన్ డీ2 రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, కార్టెక్స్‌లో సెరటోనిన్ 2ఏ రిసెప్టర్‌ని పట్టుకుంటుంది. ఆ ల్యాబ్ మరుసటి ఏడాదే వయసు పెరిగేకొద్దీ ఈ రెండూ తగ్గుతున్నాయని ప్రచురించింది.

ఒకే ట్రేసర్‌తో రెండు వ్యవస్థలు కనిపించడం మొదట్లో లాభంలా అనిపించినా, నిజానికి అది ఇబ్బందే. ఏ వెలుగు దేనిదో తేల్చడానికి చనిపోయినవారి మెదడు ముక్కల మీద చేసిన పాత పనిని నమ్ముకోవాలి, లేదా ఒక రిసెప్టర్‌ని మాత్రమే మూసే మందు ముందుగా ఇచ్చి ఏ వెలుగు ఆరిపోయిందో చూడాలి. అందుకే ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో కెమిస్టులు ఒక్క తాళానికే సరిపోయే తాళంచెవుల కోసం వెతికారు. 2ఏకి సెటోపెరోన్, ఆల్టన్సెరిన్, ఎండీఎల్ 100907 వచ్చాయి. 1ఏకి వే-100635, ఎంపీపీఎఫ్ వచ్చాయి. తర్వాత 1బికి ఏజడ్ 10419369, 4వ రకానికి ఎస్‌బీ 207145 వచ్చాయి. రిసెప్టర్ కాకపోయినా సెరటోనిన్‌ని మళ్లీ కణంలోకి లాగేసుకునే ట్రాన్స్‌పోర్టర్‌కి డాస్బ్ వచ్చింది. పేర్ల జాబితా ఇక్కడితో చాలు. వీటిలో ఒకటి ఎలా గట్టెక్కిందో దగ్గరగా చూస్తే మిగతావాటి కష్టాలు వాటంతటవే అర్థమవుతాయి.

వే-100635 అణువు 1ఏ రిసెప్టర్‌ని గట్టిగా పట్టుకుంటుంది. 1990ల మధ్యలో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం దీనికి కార్బన్-11 తగిలించింది. తగిలించడానికి అణువులో తేలికైన చోటు మిథాక్సీ గుంపు, అంటే ఆక్సిజన్‌కి వేలాడుతున్న మిథైల్. కెమిస్టులకి బాగా అలవాటైన చర్య, అక్కడే తగిలించారు. మనుషుల్లో స్కాన్ చేస్తే హిప్పోక్యాంపస్ వెలిగింది గానీ, వెలగకూడని చోట్ల కూడా పొగమంచులా ఏదో పరుచుకుంది.

కారణం కాలేయంలో ఉంది. మన ఒళ్లు ఈ అణువుని మధ్యలో ఉన్న అమైడ్ బంధం దగ్గర రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క వే-100634. అది కొవ్వులో కరిగే రకం కాబట్టి రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడని సులువుగా దాటుతుంది, రిసెప్టర్లకి తానూ అతుక్కుంటుంది. మిథాక్సీ గుంపు సరిగ్గా ఆ ముక్క మీదే ఉంది. అంటే గుర్తుపెట్టిన కార్బన్ దొంగతో పాటే మెదడులోకి వెళ్లింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, స్కానర్ పరిస్థితీ అంతే. గామా కిరణం ఏ అణువు నుంచి వచ్చిందో దానికి తెలియదు. కార్బన్-11 ఎక్కడుందో మాత్రమే తెలుసు.

పరిష్కారం విచిత్రంగా ఉంటుంది: అణువుని మార్చలేదు, గుర్తుపెట్టే చోటు మార్చారు. అమైడ్ బంధంలోని కార్బొనిల్ కార్బన్‌నే కార్బన్-11గా పెట్టారు. ఇప్పుడు అణువు తెగితే గుర్తు రెండో ముక్కతో పోతుంది. ఆ ముక్క సైక్లోహెక్సేన్ కార్బాక్సిలిక్ ఆమ్లం, నీళ్లలో కరిగే రకం, మెదడులోకి పెద్దగా చొరబడలేదు. అదే మందు, అదే రిసెప్టర్, అదే స్కానర్. ఒక్క పరమాణువు చోటు మారేసరికి హిప్పోక్యాంపస్‌కీ చిన్నమెదడుకీ మధ్య తేడా కొన్ని రెట్లు పెరిగింది. పొగమంచు విడిపోయింది.

అయితే దీనికి మూల్యం తయారీలో చెల్లించాలి. కార్బొనిల్ చోట గుర్తుపెట్టాలంటే కార్బన్ డయాక్సైడ్‌ని గ్రిన్యార్డ్ రియేజెంట్‌తో కలపాలి, దాన్ని ఆమ్ల క్లోరైడ్‌గా మార్చాలి, ఆ తర్వాత మిగతా ముక్కతో జోడించాలి. గ్రిన్యార్డ్ రియేజెంట్‌కి తేమ పడదు. పైగా గాలిలోని మామూలు కార్బన్ డయాక్సైడ్‌ని ఇష్టంగా పీల్చుకుంటుంది. ముందు చెప్పుకున్న పలచబడే సమస్య ఇక్కడ ఇంకా ముదురుతుంది. ఒక రోజు బాగా కుదిరిన తయారీ మర్నాడు కుదరకపోవడం ఈ ట్రేసర్ విషయంలో కొత్త కాదు. బల్ల మీద పడుకున్న వాలంటీరుని, చేతికి సూది కూడా పెట్టాక, ‘ఈరోజు కాలేదు, ఇంటికి వెళ్లండి’ అని పంపించాల్సి రావడం ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలిసిన టెన్షనే.

కార్బన్-11తో ఈ పరుగు ఎందుకు, 110 నిమిషాల అర్ధాయువున్న ఫ్లోరిన్-18 వాడొచ్చు కదా అన్న ప్రశ్న సహజం. వాడారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో వే అణువుకి ఫ్లోరిన్ తగిలించి ఎఫ్‌సీవే తయారుచేశారు. ఈసారి మెదడు కంటే ముందు పుర్రె వెలిగింది. కాలేయంలోని ఎంజైములు ఫ్లోరిన్‌ని అణువు నుంచి పీకేస్తే అది ఫ్లోరైడ్ అయానుగా రక్తంలో కలుస్తుంది. ఫ్లోరైడ్‌కి ఎముక అంటే ప్రాణం. ఎముక వెలిగితే నష్టమేమిటి అనుకోవచ్చు గానీ, స్కానర్ చూపు అంత పదునైనది కాదు. మంచి యంత్రాల్లో కూడా కొన్ని మిల్లీమీటర్ల వరకూ వెలుగు పక్కకి ఒలుకుతుంది. పుర్రెని ఆనుకునే కార్టెక్స్ ఉంటుంది కాబట్టి, చూడాలనుకున్న చోటి మీదే ఆ ఒలుకుడు పడుతుంది.

దీనికి దొరికిన ఉపాయం మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్. ఫ్లోరిన్‌ని పీకే ఎంజైముని ఆ మందు ఆపుతుంది. స్కాన్‌కి ముందు రాత్రి ఒక మోతాదు ఇస్తే పుర్రె వెలుగు బాగా తగ్గి, మెదడు సిగ్నల్ పెరిగింది. ట్రేసర్‌ని బాగుచేయలేక దాన్ని తినేసే కాలేయాన్ని ఒకపూట పస్తు పెట్టారన్నమాట. ఆల్టన్సెరిన్‌తో ఇంకో దారి పట్టారు. దాని ముక్కలు కూడా మెదడులోకి చొరబడతాయి. అందుకని మొదట ఒక్కసారిగా కొంత ఎక్కించి, ఆ తర్వాత గంటల తరబడి సన్నగా ఎక్కిస్తూ పోతారు. రక్తంలోనూ మెదడులోనూ మోతాదులు స్థిరపడ్డాకే కొలుస్తారు. అంతసేపు కొలవగలగడానికి ఫ్లోరిన్-18 అర్ధాయువే కారణం.

మంచి బొమ్మ చేతికొచ్చాక అసలు లెక్క మొదలవుతుంది. రంగుల బొమ్మలో ఎర్రగా ఉన్న చోట రిసెప్టర్లు ఎక్కువ అనుకోవడం తొందరపాటు. అక్కడికి రక్తం ఎక్కువగా పారినా ఎరుపే, ట్రేసర్ కొవ్వుకి అతుక్కున్నా ఎరుపే. అందుకని గంటా గంటన్నర పాటు సెకన్లు, నిమిషాల లెక్కన బొమ్మలు తీసి, వెలుగు ఎలా ఎక్కి ఎలా దిగిందో వక్రరేఖ గీస్తారు. ఆ రేఖల నుంచి ‘బైండింగ్ పొటెన్షియల్’ అనే సంఖ్య తీస్తారు. స్థూలంగా అది ఖాళీగా ఉన్న రిసెప్టర్ల సాంద్రతని, ట్రేసర్ పట్టు ఎంత గట్టిదో ఆ విలువతో కలిపి చెప్పే సంఖ్య. ఆ రెండింటినీ విడదీయడం ఒక్క స్కాన్‌తో కాని పని. సంఖ్య తగ్గితే రిసెప్టర్లు తగ్గాయా, పట్టు సడలిందా, లేక మెదడు సొంత సెరటోనిన్ వచ్చి కూర్చుని ట్రేసర్‌కి చోటివ్వలేదా అన్నది సంఖ్య చెప్పదు.

పైగా ఆ సంఖ్యని తీసే పద్ధతులు కూడా రెండు మూడు ఉన్నాయి. కచ్చితమైనది మణికట్టు ధమనిలో సూది పెట్టి, స్కాన్ సాగినంతసేపూ రక్తం తీస్తూ, అందులో చెక్కుచెదరని ట్రేసర్ ఎంత, ముక్కలెన్ని అని లెక్కపెట్టడం. నొప్పి, ఖర్చు, శ్రమ మూడూ ఉన్నాయి కాబట్టి చాలామంది దీన్ని తప్పించుకుంటారు. రెండో దారి ‘రిఫరెన్స్ ప్రాంతం’. ఆ రిసెప్టర్ దాదాపు లేని చోటుని మెదడులోనే ఎంచుకుని, అక్కడ కనిపించే వెలుగుని వృథా వెలుగుగా భావించి, మిగతాచోట్ల కొలతని దానితో భాగిస్తారు. సెరటోనిన్ ట్రేసర్లకి ఎక్కువగా ఆ గౌరవం చిన్నమెదడుకి దక్కుతుంది.

డిప్రెషన్ పరిశోధనలో తలెత్తిన పెద్ద గందరగోళానికి ఈ భాగహారం దగ్గర బీజం పడింది. 1999లో పిట్స్‌బర్గ్‌లో వేన్ డ్రెవెట్స్ బృందం డిప్రెషన్ ఉన్నవారిలో 1ఏ బైండింగ్ తగ్గిందని చెప్పింది, రాఫేలో మరీ ఎక్కువగా. మరుసటి ఏడాది లండన్ నుంచి కూడా తగ్గుదలే రిపోర్టయింది. ఇక విషయం తేలిపోయిందనుకునే సమయానికి, 2006లో న్యూయార్క్‌లో రామిన్ పార్సీ బృందం అంతకుముందెన్నడూ మందులు వాడని రోగుల్లో అదే ట్రేసర్‌తో కొలిచి, బైండింగ్ పెరిగిందని చూపించింది. అదే జబ్బు, అదే రిసెప్టర్, అదే వే-100635. జవాబులు మాత్రం ఎదురెదురు.

రోగుల మధ్య తేడాలు కొంత కారణం కావచ్చు. గతంలో వాడిన మందుల ప్రభావం మెదడులో చాలాకాలం ఉండొచ్చు. కానీ లెక్కకట్టే తీరు మీద పడే అనుమానం ఇంకా బలమైనది. ఒక బృందం చిన్నమెదడుతో భాగించి నిష్పత్తి తీసింది. ఇంకొకరు ధమని రక్తం తీసి, ప్లాస్మాలో ప్రొటీన్లకి అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉన్న ట్రేసర్‌తో పోల్చారు. వే-100635తో చిన్నమెదడులో మిగిలే వెలుగు చాలా తక్కువ. అది ట్రేసర్ గొప్పతనమే, కానీ అది భాగహారంలో కింద కూర్చునే సంఖ్య. కింది సంఖ్య చాలా చిన్నదైతే, దాంట్లో వచ్చే కొద్దిపాటి తేడా పైన కొండంతగా కనిపిస్తుంది. చిన్నమెదడు నడిమి భాగంలో ఆ రిసెప్టర్లు కొన్ని ఉండనే ఉన్నాయి. దాంతో తెల్లపదార్థాన్ని రిఫరెన్స్‌గా పెట్టాలని కొందరన్నారు. ఏ ప్రాంతంతో భాగించాలి, ఏ కొలమానం వాడాలి అన్న ఎంపికని బట్టి ముగింపే తిరగబడగలదని తర్వాతి విశ్లేషణల్లో ఒప్పుకోవలసి వచ్చింది.

2022లో డిప్రెషన్‌కి సెరటోనిన్ లోపమే కారణమనే వాదానికి సరైన ఆధారం లేదంటూ ఒక పెద్ద సమీక్ష వచ్చి సంచలనం రేపింది. అందులో ఈ రిసెప్టర్ స్కాన్లు కూడా ఒక అధ్యాయం. వాదించుకున్న ఇరుపక్షాలూ స్కాన్ సంఖ్యలని సాక్షుల్లా నిలబెట్టాయి. ఆ సాక్షులు ఏ లెక్కతో తయారయ్యాయన్న ప్రశ్న మాత్రం వార్తల్లోకి రాలేదు. రోగుల గుంపుకీ ఆరోగ్యవంతుల గుంపుకీ మధ్య కొద్దిపాటి తేడాని పట్టుకోవడం ఈ పరికరం చేయగల పనుల్లో అతి బలహీనమైనది. దురదృష్టవశాత్తూ ఎక్కువ ప్రచారం దానికే వచ్చింది.

దీని అసలు బలం అదే మనిషిని రెండుసార్లు కొలవడంలో ఉంది. మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి. అప్పుడు కొలతల్లో ఉండే పక్షపాతాలు చాలావరకు రెండువైపులా సమానంగా ఉండి కొట్టుకుపోతాయి. టొరంటోలో డాస్బ్ ట్రేసర్‌తో చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. 2004లో జెఫ్రీ మేయర్ బృందం ఐదు రకాల యాంటీడిప్రెసెంట్లని కొలిచింది. రసాయనంగా అవి వేరువేరు, మిల్లీగ్రాముల లెక్కా వేరు. అయినా వైద్యులు అనుభవంతో స్థిరపరచుకున్న కనీస మోతాదు దగ్గర అన్నీ సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్‌లో సుమారు 80 శాతాన్ని ఆక్రమించాయి. మోతాదు రెట్టింపు చేస్తే ఆక్రమణ రెట్టింపు కాదు, ఆ 80 దాటాక గీత దాదాపు చదునైపోతుంది. మందు మోతాదు పెంచుకుంటూ పోతే లాభం ఎందుకు కనిపించదో, దుష్ప్రభావాలు మాత్రం ఎందుకు పెరుగుతాయో ఆ వంపులోనే కొంత తెలుస్తుంది. ఇంకో ముడి కూడా ఇక్కడే ఉంది. ట్రాన్స్‌పోర్టర్ మొదటి మాత్రతోనే, గంటల్లోనే మూసుకుపోతుంది. మనసు కుదుటపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఏం జరుగుతోందన్నది ట్రాన్స్‌పోర్టర్ స్కాన్ చెప్పలేదు.

ఆ ఖాళీని 4వ రకం రిసెప్టర్ కొంత పూరిస్తుందేమోనని కోపెన్‌హాగెన్ బృందం చూసింది. ఆరోగ్యవంతులకి మూడు వారాలు ఫ్లుఆక్సెటిన్ అనే యాంటీడిప్రెసెంట్ ఇస్తే ఎస్‌బీ 207145 బైండింగ్ కొంచెం తగ్గింది. సెరటోనిన్ చాలాకాలం ఎక్కువగా ఉంటే కణం ఆ రిసెప్టర్లని తగ్గించుకుంటుందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. అదే నగరంలో 2019లో సైలోసైబిన్ మీద చేసిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంటుంది. ఆ పుట్టగొడుగుల పదార్థం ఒంట్లో సైలోసిన్‌గా మారి 2ఏ రిసెప్టర్లని ఆక్రమిస్తుంది. సింబీ-36తో కొలిస్తే ఎక్కువలో ఎక్కువగా 72 శాతం ఆక్రమణ కనిపించింది. రిసెప్టర్లు ఎంతమేర నిండాయో, ఆ మనిషి తన అనుభవం ఎంత తీవ్రంగా ఉందని చెప్పాడో, ఆ రెండూ కలిసి పెరిగాయి. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే. అయినా మనిషి నోటి మాటకీ రిసెప్టర్ లెక్కకీ మధ్య ఇంత దగ్గరి లంకె దొరకడం అరుదు.

ఆసుపత్రిలో మాత్రం ఈ స్కాన్లు రోజువారీ పరీక్ష కాలేదు. డిప్రెషన్ ఉందో లేదో వీటితో తేల్చరు, తేల్చలేరు. కాస్త ఆశ చూపించింది మూర్ఛవ్యాధి. టెంపొరల్ లోబ్ నుంచి మూర్ఛలు పుట్టే రోగుల్లో, ఏ వైపు నుంచి పుడుతున్నాయో ఆ వైపు 1ఏ బైండింగ్ తగ్గి ఉంటుందని ఎఫ్‌సీవే, ఎంపీపీఎఫ్ రెండింటితోనూ కనిపించింది. ఆపరేషన్‌కి ముందు చోటు నిర్ధారించుకోవడానికి ఇది పనికొచ్చే సంగతే. ఇక్కడ రోగి మెదడులోని ఒక వైపే రెండోవైపుకి కొలబద్ద. ఇంకో మనిషితో పోల్చాల్సిన అవసరం రాదు.

ఇంతకాలం లెక్కపెట్టింది తాళాలని. తాళంచెవిని, అంటే సెరటోనిన్‌నే, కదులుతుండగా పట్టుకోవడం ఎలా? డోపమిన్ విషయంలో ఇది 1990ల్లోనే కుదిరింది. యాంఫెటమిన్ ఇస్తే డోపమిన్ పొంగి, రాక్లోప్రైడ్ ట్రేసర్‌ని తోసేసేది, వెలుగు తగ్గేది. సెరటోనిన్‌తో అదే ప్రయత్నం చేస్తే వే, ఆల్టన్సెరిన్ లాంటి ట్రేసర్లు నిలకడైన జవాబు ఇవ్వలేదు. అవి యాంటగనిస్టులు, అంటే రిసెప్టర్‌ని పట్టుకుని మూసేసేవి. రిసెప్టర్ ఏ భంగిమలో ఉన్నా ఒకేలా పట్టుకుంటాయి. సెరటోనిన్ మాత్రం లోపలి జీ-ప్రొటీన్‌తో ముడిపడి సిద్ధంగా ఉన్న రిసెప్టర్లనే గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి ట్రేసర్ కూడా సెరటోనిన్‌లాగే రిసెప్టర్‌ని పనిలోకి దింపే అగోనిస్ట్ అయితేనే ఇద్దరూ ఒకే కుర్చీ కోసం పోటీపడతారన్నది ఆలోచన. సింబీ-36 అలాంటిదే.

లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో డేవిడ్ ఎరిట్జో బృందం ఈ పద్ధతిని డిప్రెషన్ మీద పరీక్షించింది. 20 మంది ఆరోగ్యవంతులు, 17 మంది రోగులు. స్కాన్ చేసి, యాంఫెటమిన్ మాత్ర ఇచ్చి, మూడు గంటల తర్వాత మళ్లీ స్కాన్ చేశారు. ఆరోగ్యవంతుల ముందరి కార్టెక్స్‌లో సింబీ-36 బైండింగ్ తగ్గింది, అంటే సెరటోనిన్ వచ్చి చోటు లాక్కుంది. రోగుల్లో అంత తగ్గుదల రాలేదు. డిప్రెషన్‌లో సెరటోనిన్ విడుదల మందగించిందనడానికి ఇది మొదటి సూటి ఆధారమని ఆ బృందం చెప్పింది. ముప్ఫై ఏడు మందితో అంత మాట అనొచ్చా అని విమర్శకులు అడిగారు. రోగుల్లో కొందరు పార్కిన్సన్స్ వ్యాధితో పాటు డిప్రెషన్ ఉన్నవాళ్లు కావడం కూడా ప్రశ్నగా మిగిలింది. అయినా ఇక్కడ అడిగిన ప్రశ్న 1999 నాటి ప్రశ్న కంటే మెరుగైనది. ప్రతి మనిషినీ తనతో తానే పోల్చారు.

2017లో కోపెన్‌హాగెన్ బృందం 210 మంది ఆరోగ్యవంతుల స్కాన్లు కలిపి 1ఏ, 1బి, 2ఏ, 4వ రకం రిసెప్టర్లకీ ట్రాన్స్‌పోర్టర్‌కీ ఒక పటం గీసింది. అంటే 14 రకాల్లో నాలుగు. 6వ రకానికి ఒక ట్రేసర్ మనుషుల దాకా వచ్చింది గానీ అది 2ఏని కూడా పట్టుకుంటుంది, వాగ్నర్ అణువులాగే రెండు నోళ్లది. 2సి, 3, 7 రకాలకి మనుషుల్లో నమ్మకంగా వాడదగ్గ ట్రేసర్ ఇంకా స్థిరపడలేదు. 2సి, 2ఏలు అన్నదమ్ముల్లాంటివి, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని మాత్రమే పట్టే అణువు తయారుచేయడం కష్టం. మూడో రకం మెదడులో చాలా తక్కువ సాంద్రతలో ఉంటుంది, చూడటానికి సిగ్నలే చాలదు. ఇక ఈ వ్యవస్థకంతటికీ ఊట అయిన రాఫే కేంద్రకాలు స్కానర్ చూపుకి అందే హద్దు దగ్గరే ఉంటాయి. తల రెండు మిల్లీమీటర్లు కదిలితే చాలు, అక్కడి కొలత పక్కన ఉన్నదాంతో కలిసిపోతుంది. 1ఏ మీద వచ్చిన వాదాల్లో ఎక్కువగా వినబడిన ప్రాంతం మాత్రం అదే.